పిన్ని విజిల్

అక్టోబర్ 9, బుధవారం

ఢిల్లీ కశ్మీరీ గేట్ దగ్గర బస్సెక్కేసరికి సాయంత్రం ఆరు దాటింది. బాబాయి బ్యాగు సీటు కిందకి తోసి, స్టీలు డబ్బా మాత్రం ఒళ్లోనే పెట్టుకున్నాడు. "పైన పెట్టేయ్ బాబాయ్, రాత్రంతా ప్రయాణం" అన్నాను. "వద్దమ్మా, జంతికలు నలిగిపోతాయి" అన్నాడు. ఆ డబ్బాకి మూత వదులు. ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టి ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ డబ్బాని రబ్బరు బ్యాండు లేకుండా చూడలేదు.

2019 దసరా సెలవుల్లో ముగ్గురం ఇదే ఊరు వెళ్లాం. హిమాచల్ ప్రదేశ్‌లో కాంగ్రా లోయలో ఉండే బీర్. దాని పైన కొండ మీద బిల్లింగ్. మన దేశంలో పారాగ్లైడింగ్, అంటే గుడ్డ రెక్కకి వేలాడుతూ గాల్లో ఎగరడం, అనగానే అందరూ ముందు చెప్పే చోటు అదే, 2015లో ప్రపంచ కప్ పోటీ కూడా అక్కడ జరిగింది. అప్పుడు మేం పఠాన్‌కోట్ నుంచి చిన్న రైల్లో వెళ్లాం. 1929లో వేసిన నారో గేజ్ లైను అది. జోగీందర్ నగర్ దాకా 164 కిలోమీటర్లు. జోగీందర్ నగర్ దగ్గర జల విద్యుత్ కేంద్రం కట్టడానికి యంత్రాలు మోయాలని ఆ లైను వేశారని పిన్ని ముందే చదువుకొచ్చి, పెట్టెలో ఉన్న అందరికీ చెప్పింది. హిందీ సరిగ్గా రాకపోయినా చెప్పింది. 2022 ఆగస్టు వరదకి ఆ లైను మీద చక్కీ వంతెన కూలింది. అందుకే ఈసారి బస్సు.

ఈసారి ఇద్దరమే.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. పదో తరగతి వరకూ నేను వాళ్లింట్లోనే పెరిగాను, అమలాపురం దగ్గర. పిన్ని జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఖోఖో, కబడ్డీ నేర్పేది. మెడలో ఎప్పుడూ నల్ల తాడుతో విజిల్ వేలాడుతుండేది, పెళ్లిళ్లకి వెళ్లినా పర్సులో వేసుకునేది. బాబాయి పోస్టాఫీసులో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. వాళ్లకి పిల్లల్లేరు. 2023లో సంక్రాంతి వెళ్లిన వారానికి, తెల్లవారుజామున నిద్రలోనే పిన్ని గుండె ఆగిపోయింది. అప్పటికి ఇంకా సర్వీసులోనే ఉంది.

కొండలూ తాళ్లూ అంటూ తిరగడం ఆవిడకి 51 ఏళ్లు వచ్చాక మొదలైంది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. పదమూడేళ్ల పదకొండు నెలల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకునే పిల్ల. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. పేపర్లో ఆ ఫోటో చూసి పిన్ని పొద్దున్న కాఫీ కూడా తాగలేదు. "సర్కారు బళ్లో చదివే పిల్లే కదా అది, మా పిల్లల్లాంటిదే" అని రోజంతా అదే మాట. వాళ్లు భువనగిరి కొండ మీద శిక్షణ తీసుకున్నారని తెలిసింది. డిసెంబరు సెలవుల్లో నన్నూ బాబాయినీ వెంటబెట్టుకుని భువనగిరి వెళ్లింది. ఊరంతటికీ కనిపించే ఏకశిల అది, పైన కోట. అక్కడ మొదటిసారి నడుముకి తాడు కట్టించుకుంది. రెండు మోకాళ్లూ దోక్కుపోయాయి. నేను పన్నెండడుగులు ఎక్కి దిగిపోయాను. బాబాయి కింద ఆవిడ చెప్పులు, కళ్లద్దాలు, చీర మడతపెట్టిన సంచి పట్టుకుని నిలబడ్డాడు.

దిగగానే బాబాయి అడిగిన మాట ఒక్కటే. "ఆకలేస్తోందా?" అప్పటికే డబ్బా రబ్బరు బ్యాండు తీసేస్తున్నాడు.

ఆ తర్వాత రుషికొండలో సముద్రం అడుక్కి వెళ్లొచ్చినా, రిషీకేశ్‌లో గంగ మీద రాఫ్టింగ్ చేసొచ్చినా ఒడ్డున అదే మనిషి, అదే డబ్బా, అదే ప్రశ్న.

అక్టోబర్ 10, గురువారం

తెల్లారేసరికి బస్సు ఘాట్ ఎక్కుతోంది. ఎడమవైపు ధౌలాధార్ కొండలు, వాటి నెత్తిన కాస్త మంచు. ఎనిమిదింటికి బీర్‌లో దిగాం. చలి మరీ లేదు, మన పుష్యమాసం పొద్దులా ఉంది.

చౌగాన్ వీధిలో గది దొరికింది. బాబాయి స్నానం చేసి, గోడకున్న మేకుకి పిన్ని విజిల్ తగిలించాడు. అది తెచ్చాడని నాకు అప్పటిదాకా తెలియదు. నల్ల తాడు మెడ దగ్గర తెల్లబడిపోయింది. విజిల్ మూతి దగ్గర పళ్ల గాట్లు.

మధ్యాహ్నం టిబెటన్ కాలనీకి నడిచాం. 1959 తర్వాత టిబెట్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు. చోక్లింగ్ మఠం ముందు చిన్న పిల్లలు, గుండ్లు గీయించుకుని మెరూన్ బట్టల్లో బంతాట ఆడుతున్నారు. అయిదేళ్ల కిందట పిన్ని ఇక్కడే ఆగిపోయి వాళ్లలో ఇద్దర్ని పిలిచి, గోల్ కీపర్ ఎలా నిలబడాలో చూపించింది. సందు మలుపులో ఒక ముసలామె చిన్న కొట్లో ఛుర్పీ అమ్మేది. పాలతో చేసి ఎండబెట్టిన గట్టి ముక్క, రాయిలా ఉంటుంది. పిన్ని ఒక ముక్క బుగ్గన పెట్టుకుని గంటసేపు తిరిగింది. బాబాయి "బాగోకపోతే ఊసెయ్యరాదూ" అంటే, "బాగుందో లేదో ఇంకా తెలీలేదండీ" అంది బుగ్గ ఉబ్బించుకుని.

పిన్ని సంగతి చెప్పాలంటే అందరూ కొండలూ గాలీ నీళ్లూ అంటారు గానీ నాకు ఆ ఛుర్పీ ముక్కే గుర్తొస్తుంది. తెలియనిదాన్ని బుగ్గన పెట్టుకుని ఓపిగ్గా కరిగేదాకా ఉండటం ఆవిడకి చాతనైంది. కొట్టు ఇప్పుడు మూసేసి ఉంది. పక్క కొట్లో ఛుర్పీ కొన్నాం. బాబాయి ఒకటి నోట్లో వేసుకున్నాడు, ఏమీ అనలేదు.

సాయంత్రం గ్లైడర్లు దిగే మైదానానికి వెళ్లాం. సరిగ్గా అయిదేళ్ల కిందట, 2019 అక్టోబర్ 10న, పిన్ని దిగింది అక్కడే. ఆకాశంలో ముప్పై దాకా రంగురంగుల రెక్కలు తిరుగుతున్నాయి. ఒక్కొక్కటీ పెద్దదవుతూ వచ్చి గడ్డి మీద వాలుతోంది. బాబాయి మైదానం చివర రాళ్ల గట్టు దాకా నడిచి ఆగాడు.

"ఇక్కడే నిలబడ్డాను ఆ రోజు" అన్నాడు. కాసేపాగి, "నీకో సంగతి చెప్పనా, మీ పిన్నికి కూడా చెప్పలేదు" అన్నాడు.

ఆ రోజు పిన్నిది పసుపు, నీలం రెక్క అని పైనుంచి నేను ఫోన్ చేసి చెప్పాను. బాబాయి పసుపు, నీలం రెక్కని పట్టుకుని ఇరవై నిమిషాలు మెడ నొప్పెట్టేలా చూశాడు. అది కొండ వైపు వెళ్తే ఊపిరి బిగబట్టాడు, ఇటు తిరిగితే వదిలాడు. చివరికి అది దిగింది. అందులోంచి ఎవరో పొడుగాటి కుర్రాడు లేచాడు. అలాంటి రంగులే ఇంకో గ్లైడరుకి కూడా ఉన్నాయి. బాబాయికి కాళ్లలో సత్తువ పోయిందట. మరి తనది ఏది, ఎటు పోయింది అని ఆకాశమంతా వెతుకుతుంటే పైనుంచి విజిల్ వినిపించింది. మూడుసార్లు, పొట్టిగా. బళ్లో పిల్లల్ని లైన్లోకి పిలిచేటప్పుడు ఊదినట్టే. దిగేముందు తను వస్తున్నానని బాబాయికి చెప్పడానికి పిన్ని ఊదింది.

"దిగాక, చూశారా నన్ను, అంతసేపూ చూశారా అంది. చూశానన్నాను" అన్నాడు బాబాయి. "ఇంకెవర్నో చూశానని ఎలా చెప్తానమ్మా."

గదికి వస్తుంటే, చీకట్లో, తల తిప్పకుండానే అన్నాడు. "ఈసారి నేనెక్కుతాను."

బాబాయికి 66. బయల్దేరేముందు నాకు చెప్పకుండా డాక్టర్ని కలిసి, బీపీ చూపించుకుని, కాగితం తెచ్చుకున్నాడు. జేబులోంచి తీసి చూపించాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది.

అక్టోబర్ 11, శుక్రవారం

బీర్ నుంచి బిల్లింగ్‌కి జీపులో 14 కిలోమీటర్లు, ముప్పావు గంట పైనే. దేవదారు చెట్ల మధ్య మలుపుల రోడ్డు. జీపు పైన గ్లైడర్ల మూటలు, లోపల ఏడుగురం. సగం దారిలో గొర్రెల మంద అడ్డొచ్చింది. గద్దీ కాపరులు వేసవంతా పై కొండల్లో మేపి, చలి మొదలవుతుండగా మందల్ని కిందికి తోలుకొస్తారు. ఒక కాపరి కోటు జేబులోంచి గొర్రెపిల్ల తల బయటికి పెట్టి చూస్తోంది. డ్రైవరు హారన్ కొట్టలేదు, ఇంజను ఆపేసి కూర్చున్నాడు. పావుగంట పట్టింది. ఆ పావుగంటా నాకు హాయిగానే ఉంది, ఎందుకంటే పైకి వెళ్లాలన్న తొందర నాకు లేదు.

బిల్లింగ్ సుమారు 2,400 మీటర్ల ఎత్తు. పచ్చిక వాలు, మ్యాగీ, చాయ్ అమ్మే రేకుల కొట్లు, గాలి దిక్కు చెప్పే గుడ్డ గొట్టం ఒక కర్రకి. పది గంటలకి పైలట్లంతా ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చున్నారు. గాలి లోయలోంచి వాలు మీదకి ఎదురుగా రావాలి. ఎదురుగాలికి పరుగెత్తితేనే రెక్క నిండుతుంది. ఇవాళ వీపు వెనక నుంచి వస్తోంది. పైగా కింద లోయ నిండా మబ్బు.

కూర్చున్నాం. గంట, రెండు గంటలు.

నాకు ఈ వాలు తెలుసు. 2019లో నేనూ డబ్బు కట్టి పైకొచ్చాను. ఒంటికి కట్టే పట్టీలు, హార్నెస్ అంటారు, తొడిగాక, నేల వాలుగా వెళ్లి ఉన్నట్టుండి ఆగిపోయే ఆ అంచు చూశాక, నా వల్ల కాదన్నాను. పిన్ని బలవంతం చేయలేదు. "సర్లే, బాబాయికి ఫోన్ చేసి రంగు చెప్పు" అంది అంతే. ఆవిడ ఎగరడం దగ్గర్నుంచి చూసింది నేనొక్కదాన్నే.

ఇవాళ బాబాయి కట్లు, కొక్కేలు చూస్తూ "మీ పిన్నికి భయమన్నదే లేదమ్మా. పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను" అన్నాడు. నిన్న ఆయన దాచుకున్నది నాకు చెప్పాడు కదా. నేను దాచింది చెప్పకపోతే అన్యాయమనిపించింది.

"ఉంది బాబాయ్" అన్నాను.

ఆ రోజు పిన్ని మూడుసార్లు మంచినీళ్లు అడిగింది. హెల్మెట్ కట్టు పెట్టుకోలేకపోయింది. "వేళ్లు ఆడట్లేదే, నువ్వు పెట్టు" అని నాకు చెయ్యి చాపింది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది, వణుకుతోంది. గ్లవుజు నేనే తొడిగాను, ఒక్కో వేలూ పట్టుకుని, చంటిపిల్లకి తొడిగినట్టు. భువనగిరిలోనూ అంతే, తాడు కట్టించుకునే ముందు గోడ పక్కకి వెళ్లి వాంతి చేసుకుంది. నీళ్లు పోసి కడిగింది నేనే. "బాబాయికి చెప్పకు" అని రెండుచోట్లా ఒట్టు వేయించుకుంది.

బాబాయి చాలాసేపు గాలిగొట్టాన్నే చూశాడు. "నాకెందుకు చెప్పలేదూ? నేనెప్పుడైనా వద్దన్నానా?"

"అనలేదు."

"అనలేదు" అని తనూ అన్నాడు. తర్వాత మెల్లగా, "ఆ ముందు రోజు అన్నం సయించేది కాదులే నాకు. అది చూసేది" అన్నాడు.

ఆ ట్రిప్పుకి ముందు ఇంట్లో ఎంత గొడవైందో నాకు గుర్తుంది. సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. మా వైపు ఊళ్లన్నీ వారాల తరబడి ఆ మాటే. నెల తిరక్కుండా కొండ మీంచి దూకడానికి వెళ్తావా అని అమ్మ ఏడ్చింది. అంతకుముందు 2015లో మల్లి మస్తాన్ బాబు ఆండీస్ పర్వతాల్లో చనిపోయినప్పుడూ ఇదే. ఏడు ఖండాల శిఖరాలని 2006లో 172 రోజుల్లో ఎక్కిన నెల్లూరు జిల్లా బిడ్డ. ఆయన ఫోటో పిన్ని పేపర్లోంచి కత్తిరించి బీరువా తలుపు లోపల అంటించుకుంది. పోయినప్పుడు రెండు రోజులు మాట్లాడలేదు. చుట్టాలందరూ "చూశావా" అన్నవాళ్లే. పిన్ని ఎవరితోనూ వాదించలేదు. కచ్చులూరు తర్వాత మాత్రం బళ్లో పిల్లలందరికీ లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో నేర్పింది. ఒకటి కొని తెచ్చి, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒక్కొక్కరి చేతా కట్టించి విప్పించింది. ఇక్కడ బిల్లింగ్‌లో కూడా పైలట్‌ని ప్రతి కొక్కెం రెండుసార్లు చూపించమంది, అత్యవసర పారాచూట్ ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుంది. ఆ అబ్బాయి విసుక్కోకుండా అన్నీ చూపించాడు.

ఒంటిగంటన్నరకి పైలట్లు మూటలు కట్టేశారు. ఇవాళ గాలి లేదు, రేపు పొద్దున్న రండి అన్నారు. అందరం జీపులో తిరిగి కిందికి దిగాం. బాబాయి దారంతా మాట్లాడలేదు. గదికొచ్చాక పప్పు, రొట్టె రెండుసార్లు అడిగి వేయించుకుని తిన్నాడు.

అక్టోబర్ 12, శనివారం, విజయదశమి

పొద్దున్న ఆకాశం కడిగినట్టుంది. పది దాటాక గాలి ఎదురు తిరిగింది.

బాబాయి బరువు చూశారు, కాగితం మీద సంతకం పెట్టించారు. పైలట్ పాతికేళ్ల అబ్బాయి, ఈ ఊరివాడే. అతను వెనక, బాబాయి ముందు. గడ్డి మీద రెక్క పరిచారు. దగ్గరికి వెళ్లి చూస్తే ముందు అంచు పొడుగునా సంచీ మూతుల్లాంటి ఖాళీలు. గాలి వాటిలోంచి లోపలికి దూరి, గదులు గదులుగా నిండి, గుడ్డ గట్టిపడి రెక్క అవుతుంది. పిన్ని బళ్లో రెండు గలీబులు పక్కపక్కన కుట్టి, వాటికి తాళ్లు కట్టి, పిల్లల చేత మైదానంలో ఎదురుగాలికి లాగించి ఇది చూపించింది. ఆవిడ నోటుబుక్కు బాబాయి వెంట తెచ్చాడు. నిన్న రాత్రి చదివాం. రూళ్ల పుస్తకం, హాజరు పట్టీ రాసినట్టే రాసింది:

"10-10-2019. బిల్లింగ్. ఎత్తు 2,400 మీ. గాల్లో 22 ని. తొమ్మిది అడుగులు పరుగు, పదోది గాల్లో. రాబందులు 4. వేళ్లు తిమ్మిరి. పిల్లలకి చెప్పాలి: ఇది గొడుగు కాదు, రెక్క. మళ్లీ రావాలి."

బాబాయి కళ్లద్దాలు తీసి నాకిచ్చాడు. తాడు కట్టే అద్దాలు అక్కడున్నాయి, వద్దన్నాడు. చెప్పులు విప్పి బూట్లు వేసుకున్నాడు, చెప్పులు నాకిచ్చాడు. డబ్బా నా సంచిలో పెట్టాడు. మెడలో విజిల్ వేసుకుని చొక్కా లోపలికి తోశాడు. హెల్మెట్ కట్టు దగ్గర ఆయన వేళ్లు ఆగాయి. నావైపు చూశాడు. నేను వెళ్లి పెట్టాను.

"భాగ్‌నా హై అంకుల్, బైఠ్‌నా నహీ" అన్నాడు పైలట్. పరుగెత్తాలి, కూర్చోకూడదు. ఎక్కువమంది చేసే తప్పు అదేనట, అంచు రాగానే కూలబడిపోవడం.

రెక్క లేచింది. తాళ్లన్నీ ఒక్కసారి బిగిశాయి, చేప పడ్డ గేలంలా. బాబాయి పరుగెత్తాడు. పోస్టాఫీసు కౌంటరు వెనక ముప్పై అయిదేళ్లు కూర్చున్న మనిషి, బస్సు కోసం కూడా పరుగెత్తని మనిషి, మోకాళ్లెత్తి పరుగెత్తాడు. నేను లెక్కపెట్టాను. ఏడు. ఎనిమిదో అడుగుకి కింద నేల లేదు.

నేను అప్పుడు ఏడ్చాను.

జీపులో కిందికి దిగుతున్నంతసేపూ చెట్ల సందుల్లోంచి ఆకాశం చూశాను. రెక్క ఎర్రది, నారింజ చార. ఇలాంటివి మూడు కనిపించాయి. మైదానానికి వచ్చి, రాళ్ల గట్టు దగ్గర నిలబడ్డాను. చేతిలో ఆయన కళ్లద్దాలు, చెప్పులు, భుజాన సంచి. కింద నిలబడటం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. పైనున్న మనిషికి పని ఉంటుంది, పరుగు, చలి, గాలి, చూడ్డానికి లోయ ఉంటుంది. కింద ఉన్నవాళ్లకి చేతిలో ఒకరి చెప్పులుంటాయి. ఆ చెప్పుల మడమ అరిగిన చోటు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. బాబాయి ఇలా ఎనిమిదేళ్లు నిలబడ్డాడు, ఎన్నో ఒడ్డుల మీద. మేం అందరం పిన్ని ఫోటోలే తీశాం. ఆయన ఉన్న ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు.

విజిల్ వినిపించింది. పొట్టిగా మూడుసార్లు.

పక్కనున్న ఇద్దరు ముగ్గురు తలెత్తారు. మూడు ఎర్ర రెక్కల్లో నేను చూడనిది, కుడివైపు నుంచి వస్తున్నది. కాళ్లు ముందుకి చాపుకుని, పైలట్ చెప్పినట్టే, గడ్డి మీద కూర్చున్నట్టు దిగాడు. రెక్క వాళ్ల వెనక మెల్లగా వాలిపోయింది.

పరుగెత్తి వెళ్లాను. ముఖం ఎర్రబడిపోయి ఉంది, కళ్లలో గాలికి నీళ్లు. ఏదో అనాలి. ఏమీ తోచలేదు. నా నోట్లోంచి వచ్చింది ఇదే: "ఆకలేస్తోందా బాబాయ్?"

ఆయన నన్ను పట్టుకుని భోరుమన్నాడు. పిన్ని పోయిన రోజున ఏడవలేదు. కోటిలింగాల రేవులో అస్థికలు కలిపిన రోజున ఏడవలేదు. పెద్దకార్యం రోజు బడి నుంచి ముప్పైమంది ఆడపిల్లలు ట్రాక్ సూట్లలో వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఫోటో ముందు ఎత్తు వరసలో లైను కట్టి నిలబడితే ఊరంతా ఏడ్చింది, ఆయన మాత్రం పిల్లలకి మజ్జిగ ఇచ్చారా అని అడుగుతూ తిరిగాడు.

సాయంత్రం టాక్సీలో బైజ్‌నాథ్ వెళ్లాం. వైద్యనాథుడిగా శివుడు. 1204లో ఇద్దరు వర్తక సోదరులు కట్టించిన రాతి గుడి. ఈ రాత్రి దేశమంతా రావణుడి బొమ్మలు కాలుస్తారు, ఇక్కడ కాల్చరు. రావణుడు శివుడి కోసం తపస్సు చేసిన చోటని వీళ్ల నమ్మకం. దసరా రాత్రి ఆ ఊరు మామూలుగా, ప్రశాంతంగా ఉంది. మా ఊళ్లో అయితే ఈపాటికి జమ్మిచెట్టు దగ్గర ఉండేవాళ్లం. ప్రతి ఏడూ పిన్నీ బాబాయీ కాగితం మీద "శమీ శమయతే పాపం" శ్లోకం రాసి, కింద ఇద్దరి పేర్లూ రాసి చెట్టుకి కట్టేవాళ్లు. బాబాయి ఇవాళ కూడా గుడి మెట్ల మీద కూర్చుని రాశాడు. పేర్లు రెండూ రాశాడు. చెట్టు లేదు కాబట్టి నోటుబుక్కులో, 2019 పేజీలో పెట్టాడు. దాని కింద ఖాళీలో, పోస్టాఫీసు దస్తూరిలో, "12-10-2024. ఏడు అడుగులు. రాబందులు లెక్కపెట్టలేదు" అని రాశాడు.

అక్టోబర్ 13, ఆదివారం

ఉదయం నేనే అడిగాను. బాబాయి కాసేపు నా ముఖం చూసి, "నేను కింద ఉంటాలే" అన్నాడు.

వాలు మీద నిలబడ్డప్పుడు నా కాళ్లు నిజంగానే వణికాయి. మంచినీళ్లు నేనూ అడిగాను. నిన్నటి పైలటే, నా పేరు కనుక్కుని, "నిన్న అంకుల్ భలే పరుగెత్తారు" అన్నాడు హిందీలో. రెక్క వెనక నిండుతున్న చప్పుడు వినపడింది, పెద్ద దుప్పటి దులిపినట్టు. హార్నెస్ వెనక్కి లాగింది. అతను అరిచాడు. పరుగెత్తాను. నాలుగు, అయిదు, ఆరు. లెక్క తప్పిపోయింది.

తర్వాత చప్పుడంతా ఆగిపోయినట్టయింది. గాలి శబ్దం ఉంది గానీ అది చెవికి హాయిగా ఉంది. నా బూట్ల కింద దేవదారు చెట్ల కొసలు. కొండ ఎండకి కాగిన చోట గాలి పైకి లేస్తుంది, అక్కడ పైలట్ చేతిలో పరికరం పీప్ పీప్ మంటూ మోగింది, మేం గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్లాం. మాకంటే ముందే అక్కడ ఒక రాబందు తిరుగుతోంది. రెక్క ఒక్కసారీ కొట్టకుండా, మా పక్కనే, మెడ తిప్పి చూసి దాని దారిన అది పోయింది. ఎత్తు కోసం పైలట్లు రాబందుల్నే వెతుకుతారట.

కింద లోయంతా వరిచేలు, మెట్లు మెట్లుగా. కొన్ని కోసేశారు, కొన్ని ఇంకా పసుపు. మా కోనసీమలో చేలు పలకలా సమంగా ఉంటాయి, ఇవి వేలిముద్రలోని గీతల్లా ఉన్నాయి. పిన్నికి కూడా మా చేలే గుర్తొచ్చి ఉంటాయని నాకు గట్టిగా అనిపించింది. ఆవిడ నోటుబుక్కులో రాయలేదు, అయినా అనిపించింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆవిడ రాసినట్టే.

మైదానం దగ్గరపడ్డాక రాళ్ల గట్టు కనిపించింది. గట్టు పక్కన తెల్ల చొక్కా మనిషి, చేతిలో ఏదో మెరుస్తోంది. నా దగ్గర విజిల్ లేదు. చెయ్యెత్తి ఊపాను. ఆయన అప్పటికే నా వైపే తిరిగి ఉన్నాడు. అటూ ఇటూ చూడటం లేదు.

కాళ్లు చాపుకుని దిగాను. పైలట్ కొక్కేలు విప్పుతున్నాడు. బాబాయి గడ్డి మీద తొందర లేకుండా నడుచుకుంటూ వస్తున్నాడు. ఒక చేతిలో నా చెప్పులు, ఇంకో చేతిలో డబ్బా. రబ్బరు బ్యాండు తీసి మణికట్టుకి వేసుకున్నాడు.

"ఆకలేస్తోందా?"

"వేస్తోంది బాబాయ్."

అక్కడే కూర్చుని జంతికలు తిన్నాం. పైలట్‌కీ పెట్టాం. అడుగున నాలుగు నలిగిపోయాయి, అవి బాబాయి తిన్నాడు.